తీరిక నెఱిగిన కబురు



నేటి ప్రసంగ విషయము మొబైలు ఫోనులో కబుర్లు పంపుకొను ఏర్పాటు. ఇది పడుచువారి విషయము, మనకెందులకని రేడియో కట్టివేయవలదు. ఆ ఫోను నేడు మన రుమాలు మూటలలోను, బనీను జేబులలోను చేరినది. మనుమలు పట్టుపట్టి దానిని మనచేత పట్టించినారు. కబురు పంపుట యెట్లో నేర్పినారు. కబురందుకొనువాడు ఆ క్షణమున ఏ స్థితిలో నున్నాడో, వానికి తీరిక యున్నదో లేదో తెలిసికొనుట యెట్లో మాత్రము వారును నేర్పలేదు, ఆ యంత్రమును నేర్పలేదు. నేను చెప్పదలచినదంతయు ఈ రెండవ సంగతిని గూర్చియే.

మన గ్రామములలో ఒకనితో పనిబడి వాని యింటికి పోయినచో వాకిట నిలిచి "ఉన్నడా?" అని కేక వేయుదుము. లోపలినుండి ఇల్లాలు బదులు పలుకును. ఉన్నాడనియో లేడనియో చెప్పి ఆమె యూరకుండదు. "బాయికాడికి వోయిండు. మడి తడవంగనే వస్తడు. జరూరు పనైతే పిలగాన్ని తోలుత, కూసోండ్రి" అనును. ఈ చిన్న మాటలో ఎన్ని సంగతులున్నవో చూడుడు. మనుష్యు డెక్కడ నున్నాడు, ఏమి చేయుచున్నాడు, ఎప్పటికి తీరును, అంతవఱకు ఆగరాని పని యైనచో మార్గమేమి, ఇవన్నియు అందు ఇమిడి యున్నవి. పైగా అడిగినవా డెవడో చూచి ఆమె జవాబు మారును. వియ్యంకుడు వచ్చినచో మంచము వాల్చి సర్వము చెప్పును. బాకీకి తిరుగువాడు వచ్చినచో "ఊరికి వోయిండు" అని తలుపు దగ్గరకు వేయును. అపరిచితు డైనచో ముందుగా "మీదే ఊరు?" అని ఆమెయే అడుగును. చదువు లేని ఇల్లాలు ఇంత నేర్పుగా చేయుచున్న పనిని కోట్లకొలది మనుష్యులు వాడు యంత్రము నేటికిని సరిగా చేయలేకున్నది. ఏల చేయలేకున్నదో కొంత విచారింతము.

పూర్వము కబురు మనుష్యుని కాళ్లతో నడిచెడిది. సుంకరి వచ్చి చెప్పినను, బంధువు వచ్చి చెప్పినను, చెప్పువానికి కన్నులుండెడివి. ఇంటిలో పెండ్లిమాటలు జరుగుచున్న యెడల చావు కబురును గడపలోనే దిగమ్రింగి, పెద్దవా నొకనిని ప్రక్కకు పిలిచి చెవిలో చెప్పెడివాడు. తరువాత తంతి వచ్చెను. తంతి యన్న మాట వినగానే ఇంటిల్లిపాదియు ఏడ్పు ప్రారంభించెడివారు. విప్పి చదివించుకొనుట తరువాతి మాట. అయినను ఆ కాగితమును తెచ్చువాడు మనుష్యుడే. మన దేశమున ఆ తంతి సేవ 2013 జులై 14 తో ముగిసినది. ఇక టెలిఫోను గంట యున్నదే, దానికి కన్నులు లేవు. స్నానము చేయువానిని, నిద్రించువానిని, శవము మోయువానిని అది ఒకే గొంతుతో పిలుచును.

ఈ లోపమును మనవారు తమ బుద్ధితో కొంత సవరించుకొనిరి. మిస్డ్ కాల్ అను దానిని మీరందరు నెఱుగుదురు. ఒకసారి మ్రోగించి పెట్టివేసినచో "సూర్యాపేటలో బస్సు దిగితిని", రెండుసార్లు మ్రోగించినచో "తీరినప్పుడు నీవే చేయుము" అని ఇంటింటికి ఒక సంకేతము ఏర్పడినది. కాల్ ధర యెక్కువగా నున్న దినములలో పైసలు మిగుల్చుకొనుటకై పుట్టిన యుపాయ మిది. కాని ఇందులో డబ్బు కంటె గొప్ప గుణ మొకటి కలదు. పిలిచినవాడు తొందరపెట్టడు, పిలువబడినవాడు తన పని ముగించుకొని, చేతులు కడుగుకొని, నీడపట్టున కూర్చుండి మాటలాడును. తీరిక యన్నది వినువాని చేతిలో నుండెను. ఇట్టి మర్యాద ఏ పండితుడును వ్రాసి యీయలేదు. జనులే కల్పించుకొనిరి.

ఇప్పుడు పెద్ద యంత్రముల సంగతి. ఒకడు యంత్రము ముందున్నాడా లేడా యని దూరమునుండి తెలిసికొను కోరిక క్రొత్తది కాదు. 1971 లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున లెస్ ఎర్నెస్ట్ అను నాయన, సహోద్యోగులలో ఎవరు కంప్యూటరు వద్ద నున్నారో, ఎంతసేపటి నుండి దానిని ముట్టలేదో చూపు చిన్న ఏర్పాటు చేసెను. దానిని వారు వ్రేలు అను అర్థము గల ఫింగర్ అను పేర పిలిచిరి. 1996 లో ఇజ్రాయెలు దేశపు యువకులు ఐసీక్యూ అను దానిని తెచ్చిరి. అందు ప్రతివాడు తన పేరు ప్రక్కన "ఉన్నాను", "ఇప్పుడే వచ్చెదను", "పనిలో నున్నాను", "కదల్చవలదు" అని ఒక గుర్తు పెట్టుకొనవచ్చును. ఆ నాటి కంప్యూటరు బల్లమీద కదలక యుండెడిది కాబట్టి ఈ గుర్తులు కొంతవఱకు నిజము పలికెను. మనుష్యుడు బల్లను విడిచినచో లేనట్లే. కంప్యూటరు జేబులోనికి దిగిన పిమ్మట ఆ లెక్క చెడినది. ఫోను ఎల్లప్పుడు మనతోనే యుండును. మనము మాత్రము ఎల్లప్పుడు ఫోనుతో నుండము.

మీరు వాడుచున్న వాట్సాప్ కథ విచిత్రమైనది. దానిని 2009 లో జాన్ కూమ్ అను నాయన ప్రారంభించెను. ఈయన ఉక్రెయిను దేశమున పుట్టి, పదునాఱవ యేట తల్లితో అమెరికా చేరినవాడు. బ్రయన్ ఆక్టన్ అను మిత్రుడు పిదప తోడుపడెను. కూమ్ మొదట కట్టదలచినది కబుర్లు పంపు యంత్రమే కాదు. ఫోనులోని పేర్ల పట్టికలో ఒక్కొక్కని పేరు ప్రక్కన వాడు ఇప్పుడే స్థితిలో నున్నాడో కనబడవలెనని ఆయన కోరిక. ఫలానివాడు మాటలాడుచున్నాడు, ఫలానివాని ఫోనులో బ్యాటరీ అడుగంటినది, ఫలానివాడు వ్యాయామశాలలో నున్నాడు, ఈ విధముగా. అనగా వాకిట నిలిచినవానికి ఇల్లాలు చెప్పు జవాబే! 2009 నడుమ ఆపిల్ కంపెనీ ఒక సౌకర్యము కల్పించెను: ఒకడు తన స్థితి మార్చుకొనగానే వాని మిత్రుల ఫోనులలో ఆ వార్త తనంతట మ్రోగును. జనులు ఆ స్థితి వాక్యములనే కబుర్లుగా వాడ మొదలిడిరి. "నేడు ఆలస్యముగా లేచితిని" అని ఒకడు, "నేను బయలుదేరితిని" అని మరియొకడు. కూమ్ ఇది గ్రహించి దానిని కబుర్ల యంత్రముగా మార్చివైచెను. 2014 లో ఫేస్‌బుక్ కంపెనీ దానిని రమారమి 1900 కోట్ల డాలర్లకు కొనెను. తీరికను తెలుపుటకై పుట్టిన యంత్రము తీరిక నెఱుగని కబుర్ల వెల్లువయై కూర్చున్నది. చెఱువు నింపుటకు త్రవ్విన కాలువ ఊరిమీదికి తిరిగినట్లయినది.

మొదటి కోరికకు జ్ఞాపకముగా ఆ యంత్రమున చిన్న పట్టిక యొకటి మిగిలినది. "తీరికగా నున్నాను", "పనిలో", "పాఠశాలలో", "సినిమాలో", "బ్యాటరీ అయిపోవుచున్నది", "సమావేశములో", "వ్యాయామశాలలో", "నిద్రించుచున్నాను", "అత్యవసరమైన కాల్ మాత్రమే" అను మొదలగు మాటలు అందు తయారుగా నుండెను. చూచితిరా? సినిమా యున్నది, వ్యాయామశాల యున్నది; బాయికాడ లేదు. నాట్లు లేవు, కోతలు లేవు, కాంట లేదు, మందలవెంట తిరుగుట లేదు. పట్టికను వ్రాసినవా డెక్కడ నివసించునో పట్టికయే చెప్పుచున్నది. ఇంకొక లోపము గలదు. గుర్తు పెట్టుట మనుష్యుడు చేయవలసిన పని. తీయుటయు మనుష్యుడే చేయవలెను. పెట్టుట యందరకు జ్ఞాపకముండును, తీయుట యెవనికి జ్ఞాపకముండును? "నిద్రించుచున్నాను" అని సంవత్సరముల తరబడి నిద్రించువారిని నేనెఱుగుదును. గడువు లేని మాట కొలదిదినములలోనే అబద్ధమగును.

ఇక టిక్కుల సంగతి. కబురు పంపగానే ఒక బూడిదరంగు టిక్కు పడును. అది కంపెనీ కంప్యూటరునకు చేరినదని అర్థము. రెండు పడినచో అవతలి ఫోనునకు చేరినదని అర్థము. 2014 నవంబరు నుండి, అవతలివాడు కబురును తెరచినచో ఆ రెండును నీలమగుచున్నవి. ఇందేదియు మనుష్యుని గూర్చి చెప్పుట లేదని గమనింపుడు. రెండవ టిక్కు ఫోనుకు సిగ్నలున్నదని చెప్పును. నీలిరంగు ఆ తెరను ఎవరో ముట్టినారని చెప్పును. మన యిండ్లలో ఒక ఫోనును తాత, కోడలు, మనుమడు ముగ్గురును వాడుదురు. మనుమడు బొమ్మలాట ఆడుచు కబురును తెరచి మూసినను అది నీలమే. పట్నములోని కొడుకు మాత్రము "నాయిన చూసిండు, పలుకలేదు" అని నొచ్చుకొనును. ఒక ఫోను ఒక మనుష్యునిది అను నమ్మిక మీద ఈ శాస్త్రమంతయు కట్టబడినది. మన యింటి యొరవడి అది కాదు.

ఈ టిక్కులు తెచ్చు వేదన చిన్నది కాదు. దూరదేశమున కొడుకున్న తల్లిదండ్రులు మన మండలమునను, పక్క మండలములందును ఎందరో కలరు. తల్లి రాత్రి భోజనమైన పిమ్మట 8 గంటలకు కబురు పంపును. అప్పుడు అమెరికాలోని డల్లాసు నగరమున చలికాలమైనచో ఉదయము 8.30, వేసవియైనచో 9.30. ఏలయనగా అక్కడివారు మార్చి నెలలో గడియారమును ఒక గంట ముందుకు జరిపి, నవంబరులో మరల వెనుకకు త్రిప్పుదురు. మన గడియారము కదలదు. అంతవఱకు కొడుకు ఇంటినుండి బయలుదేరకముందే అందిన తల్లి కబురు, ఆ మార్పు జరిగిన మరునాటినుండి వాడు కార్యాలయమున కూర్చున్న వేళకు అందును. వాడు చూచును, జవాబు తరువాత వ్రాయుదమనుకొనును, మరచును. ఇక్కడ నీలి టిక్కులు చూచుచు ఆమె రాత్రియంతయు మేలుకొనును. అరబుదేశమున నున్నవాని సంగతి వేరు: మనకు 8 గంటలైనప్పుడు రియాదులో సాయంత్రము 5.30, దుబాయిలో 6.30, పనినుండి వచ్చి అన్నము వండుకొను వేళ. ఈ లెక్క యంత్రమునకు క్షణములో తెలియును. పంపువాని కన్నులయెదుట "అచ్చట నిప్పుడు ఇంత గంట, మీవాడు పనిలో నుండు సమయము" అని ఒక్క పంక్తి చూపుట కష్టమైన పని కాదు. ఆ ఒక్క పంక్తి ఎందరి నిద్రను కాపాడునో!

నిద్ర కంటె పెద్దది ప్రాణము. మన కేతేపల్లి 65 వ నంబరు జాతీయ రహదారి మీద నున్నది. హైదరాబాదునుండి విజయవాడకు పోవు లారీ, బస్సు, కారు సమస్తము కొర్లపహాడు టోలు దాటి పోవుచుండును. ఆ బండ్లు నడుపువారి కందరికి ఇంటినుండి కబుర్లు వచ్చుచుండును. "ఎక్కడున్నవ్?" అన్న రెండుక్షణముల ప్రశ్న కదా యని మనమనుకొందుము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి రెండు క్షణములలో, అనగా రెండు సెకండ్లలో, 44 మీటర్లు పోవును. అంత దూరము డ్రైవరు కన్నులు మూసికొని నడిపినట్లే. 2019 లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు, నడుపుచు ఫోనును చేత పట్టి వాడుటను ప్రమాదకరమైన నడుపుటగా లెక్కించిరి. చట్టము పట్టుబడినవానిని శిక్షించును గాని, పిలుచువానిని ఆపదు. తప్పు ఇరువురిది కాదు, నడుమనున్న యంత్రముది. కొడుకు స్టీరింగు పట్టినాడని తల్లికి తెలిసినచో ఆమె పిలుచునా?

2017 లో ఆపిల్ కంపెనీ తన ఫోనులలో ఒక ఏర్పాటు చేసెను. బండి నడుచుచున్నట్లు ఫోను కనిపెట్టినచో కబుర్లను మ్రోగనీయదు. కోరినచో "నేను బండి నడుపుచున్నాను" అని పంపినవారికి తానే బదులిచ్చును. ఇది ఎట్లు కనిపెట్టునో చెప్పెదను. ఫోను లోపల కుదుపును కొలుచు చిన్న పరికర మొకటి యుండును. ఆకాశమునందలి ఉపగ్రహముల వలన తానున్న చోటును తెలియును. చోటు ఎంత త్వరగా మారుచున్నదో లెక్కించి వేగమును తెలియును. కారులోని యంత్రముతో కలిసినచో ఆ సంగతియు తెలియును. ఇట్టి గుర్తులను బట్టి మనుష్యుని స్థితిని ఊహించు విద్యకు సందర్భ మెఱిగిన గణనమని పేరు. 1994 లో బిల్ షిలిట్ మొదలగు పరిశోధకులు ఈ పేరును ప్రచారమునకు తెచ్చిరి. అంతకు ముందే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఓలివెట్టి పరిశోధనశాలవారు, ఉద్యోగి చొక్కాకు తగిలించు బిళ్ల యొకటి చేసిరి. అది కంటికి కనబడని వెలుతురుతో తన యునికిని గోడమీది పెట్టెలకు తెలుపుచుండును. టెలిఫోను వచ్చినప్పుడు ఆ మనుష్యు డే గదిలో నున్నాడో చూచి, ఆ గదికి దానిని త్రిప్పెడివారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ ఫోగార్టీ, స్కాట్ హడ్సన్ మొదలగువారు 2005 లో ప్రకటించిన పరిశోధన మరియు ఆసక్తికరము. గదిలో మాటల చప్పుడున్నదా లేదా యను ఒక్క గుర్తే, ఆ మనుష్యుని కదిలింపవచ్చునా లేదా యనుటకు మిక్కిలి తోడ్పడునని వారు కనుగొనిరి. మన పెద్దలు తలుపు తట్టుటకు ముందు చెవి యొగ్గి వినుట ఇందుకే గదా.

కాని ఈ ఊహలు మన నేలమీద ఎంత నిలుచును? నేను దీనిని నమ్మినంత, శంకించితిని కూడ. ఫోను వేగమును చూచును గాని, చక్రము పట్టినదెవరో చూడలేదు. సూర్యాపేటనుండి నల్లగొండకు ఆర్టీసీ బస్సులో కిటికీ ప్రక్కన కూర్చున్నవాని కంటె తీరికగా నున్నవాడు లోకమున లేడు. ఫోను వానిని బండి నడుపువానిగా తలచి నోరు కట్టివేయును. ఇక కరిగెటలో కేజీ వీల్సుతో ట్రాక్టరు త్రిప్పువాడు మనుష్యుని నడక కంటె ఎక్కువ వేగముతో పోడు. వాని నే తరగతిలో వేయవలెనో ఆ పరికరమునకు తోచదు. అయినను వాని చేయి జారినచో ఏమగునో మనకు తెలియును. నాట్లు వేయు ఆడవారి ఫోనులు ప్లాస్టికు కవరులో చుట్టి ఒడ్డుమీద పెట్టబడి యుండును. కదలని ఫోనును చూచి యంత్రము "ఈమె విశ్రాంతిగా కూర్చున్నది" అని చాటినచో అంతకంటె పరిహాసము కలదా? ఐకేపీ కేంద్రమున వడ్లు ఆరబోసి మబ్బును చూచుచున్న రైతు ఒకే చోట గంటలకొలది కూర్చుండును. వాని మనస్సునకు ఒక నిమిషము తీరిక లేదు.

ఒకటి మాత్రము మన మోటార్లు నేర్పిన పాఠము. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు ఇరువది నాలుగు గంటల కరెంటు ఇచ్చుట ప్రారంభించుటకు పూర్వము, కరెంటు వంతులవారీగా వచ్చెడిది. అర్ధరాత్రి వచ్చుటయు కలదు. రైతు బాయికాడ కాపలా పండుకొనెడివాడు, లేక చీకటిలో పామునకు వెఱచుచు పోయెడివాడు. అప్పుడు ఆటో స్టార్టర్లు వచ్చినవి. కరెంటు రాగానే మోటారు తానే తిరుగును. పిదప ఫోనుతో పనిచేయు స్టార్టర్లును వచ్చినవి. కరెంటు వచ్చినది, పోయినది, మోటారు తిరుగుచున్నది అని అవి రైతుకు కబురు చేయును. ఒక మోటారు తన స్థితిని యజమానికి నిజముగా చెప్పగలుగుట చూచి నేనాశ్చర్యపడితిని. మోటారునకు సాధ్యమైనది మనుష్యునకు సాధ్యము కాకపోవుటకు కారణ మున్నది. మోటారునకు దాచుకొనవలసినది లేదు. మనుష్యునకు కలదు.

ఇచ్చట నేను ఇల్లాలి జవాబునకు తిరిగి వచ్చెదను. బాకీవానికి ఆమె చెప్పిన "ఊరికి వోయిండు" అను మాట అబద్ధము కావచ్చును. ఆ యబద్ధము సంసారమునకు కంచె వంటిది. టెలిఫోను కాలమున "వినబడలేదు", "బయట నుంటిని" అనుటకు వీలుండెను. ఎదుటివాడు నమ్మినను నమ్మకున్నను, ఇరువురి గౌరవమును నిలిచెడిది. నీలి టిక్కు ఆ కంచెను పెరికివైచినది. నిజమైన తీరికను చూపు యంత్రము కావలెనని కోరువారు ఈ సంగతిని మరువరాదు. ఇల్లు తాళము వేసి మూడు దినములు తిరుపతి పోయినారని ఫోను నలుగురికి చాటినచో దొంగకు దారి చూపినట్లే. ఫోనులో అప్పులిచ్చు యాప్‌లవారికి మనుష్యు డెప్పుడు దొరకునో తెలిసినచో వాని బ్రతుకు నరకమగును. ఆడపిల్ల ఏ వేళ ఒంటరిగా నడచుచున్నదో ఎవని కెఱిగింపవలెను? 2017 ఆగస్టు 24 న సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో, గోప్యత మనుష్యుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. 2023 లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై ఒక చట్టమును చేసినది. ఈ రెండును మంచివే. కాని యంత్రమును కట్టునప్పుడే ఈ మర్యాదను అందు పెట్టవలెను గాని, ప్రతివాడును కోర్టునకు పోజాలడు గదా.

కావున నా తలంపున యంత్రము స్వయముగా చాటరాదు, యజమానిని అడుగవలెను. "మీరు ప్రతిదినము ఉదయము 6 నుండి 10 వఱకు ఫోను తీయుట లేదు. ఆ వేళ బాయికాడ నుందురని మీ పిల్లలకు చెప్పమందురా?" అని ఒకసారి తెలుగులో, వ్రాతతోగాక గొంతుతో అడుగవచ్చును. ఔనన్నచో పిల్లలకు మాత్రమే చెప్పవలెను. తక్కినవారికి "తరువాత పలుకును" అన్న మాట చాలును. చెప్పిన ప్రతి మాటకును గడువుండవలెను. పంట కోత ముగియగానే "కోతలలో" అను మాట తనంతట రాలిపోవలెను. ఒక ఫోనును నలుగురు వాడు ఇంటిలో, కబురు తెరచినది తాతయా మనుమడా యని తెలియనప్పుడు, నీలిరంగు చూపకుండుటే నిజము పలుకుట. చదువు రానివారికి అక్షరములు వలదు. చిన్న బొమ్మలు చాలును. 2013 లో వాట్సాప్‌లోనికి వచ్చిన గొంతు కబురు ఈ వరుసలో ఉత్తమమైనదని నేను తలతును. చెప్పువాడు తన తీరికలో చెప్పును, వినువాడు తన తీరికలో వినును. మన మిస్డ్ కాలునకు అది తమ్ముడు.

ఉద్యోగుల సంగతి యొక్కటి చెప్పి ముందుకు పోయెదను. పంచాయతీ కార్యదర్శి, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు మొదలగువారు పై యధికారుల వాట్సాప్ గుంపులలో నుందురు. రాత్రి 10 గంటలకు వచ్చిన కబురునకు "ఆన్‌లైన్‌లో ఉండి పలుకలేదేమి?" అని మరునాడు సంజాయిషీ అడుగుట కలదు. ఇక్కడ తీరికను చూపు గుర్తు ఉరిత్రాడుగా మారినది. ఫ్రాన్సు దేశమున 2017 జనవరి 1 నుండి, పనివేళలు గడచిన పిమ్మట ఫోనును విడిచి యుండు హక్కును గూర్చి పెద్ద సంస్థలు తమ ఉద్యోగులతో చర్చింపవలెనను చట్టము అమలులోనికి వచ్చెను. మన లోక్‌సభలో సుప్రియా సూలే గారు 2018 లో ఇట్టి బిల్లును ప్రవేశపెట్టిరి. అది చట్టము కాలేదు. చట్టము వచ్చునంతవఱకు మండల కార్యాలయముననే పెద్దలు నోట చెప్పి ఒక కట్టుబాటు చేసికొన వచ్చునని నాకు తోచుచున్నది.

అన్ని తలుపులును మూసిన పిమ్మట ఒక తలుపు తెరచియే యుండవలెను. ఆపిల్ ఫోనులలో ఒక మంచి యేర్పాటు కలదు. కదల్చవలదను గుర్తు పెట్టియున్నను, ఒకే మనుష్యుడు మూడు నిమిషములలోపల రెండవసారి పిలిచినచో ఆ పిలుపు మ్రోగునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. ఒకసారి కేక వేసినచో పలుకనివాడు రెండవ కేకకు లేచి వచ్చును; ఎవరు కట్టినారో గాని, వారికి పల్లెటూరి వాకిలి తెలిసియుండవలెను. ఇక ఊరంతటికి వచ్చు ఆపద యున్నది. మూసీ ప్రాజెక్టు మన మండలపు గడపలోనే యున్నది. పైన వానలు పడి గేట్లు ఎత్తునప్పుడు దిగువవారిని మేలుకొలుపవలెను. 2019 అక్టోబరులో ఆ ప్రాజెక్టు గేటు ఒకటి నీటి ఒత్తిడికి కొట్టుకొని పోయిన సంగతి మీరెల్లరు నెఱుగుదురు. అట్టి రాత్రి ఎవని తీరికతోను పని లేదు. పూర్వము డప్పు చాటింపు ఆ పని చేసెడిది. నిద్రించువాని చెవిలోను అది పడెడిది. 2023 లో కేంద్రప్రభుత్వమువారు దేశమందలి ఫోనులకు హెచ్చరిక పంపి పరీక్షించినప్పుడు, వింత చప్పుడుతో ఫోను కంపించుట చూచి మీలో కొందరు బెదరియుందురు. అది ఆ క్రొత్త డప్పు. దానిని మాత్రము మూయవలదని మీ యిండ్లలోని పిల్లలకు చెప్పుడు. తక్కిన కబుర్లకును దీనికిని భేద ముండుట మంచిది. రోజుకు వంద శుభోదయ పుష్పములు మ్రోగు ఫోనులో వరద కబురును ఎవడు గుర్తించును?

చివరకు మీకొక పని యొప్పగింతును. మన జిల్లా పిల్లలు హైదరాబాదులోను, ఇతర దేశములలోను ఇట్టి యంత్రములను కట్టు కంపెనీలలోనే పనిచేయుచున్నారు. పండుగకు వారు వచ్చినప్పుడు మంచముమీద కూర్చుండబెట్టి, సినిమా, వ్యాయామశాల యున్న ఆ పట్టికలో మన మాటలు చేర్చుమని అడుగుడు. నాకు తోచినవి కొన్ని చెప్పెదను, మీరు పెంచుడు: బాయికాడ నున్నాను. నాట్లలో నున్నాము, పొద్దుగూకినంక పలుకుదుము. కల్లము కాడ వడ్లకు కావలి. సూర్యాపేట మార్కెట్టులో కాంట అగుచున్నది. గొఱ్ఱెల వెంట గుట్టమీద, సిగ్నలు లేదు. ఫోను మనుమని చేతిలో నున్నది. పెద్దవానికి మంచిగ లేదు, మెల్లగ పిలువుడు. సావు కాడ నున్నాము, రేపు మాటలాడుదము.

సెలవు.